గంటల గుంత

నాకు నిధి మాట వింటే ఒళ్ళు మండుతుంది. మా ఊళ్ళో పుట్టి అలా మండటం కష్టమే, ఎందుకంటే ఇక్కడ పిల్లలకు బువ్వ పెడుతూ చెప్పే మొదటి కథే గంటల గుంత కథ.

కారంపూడి దాటి మాచర్ల వైపు వెళ్తుంటే నాపరాయి గనులు అయిపోయిన చోట ఒక మట్టిబాట వాగులోకి దిగుతుంది. ఆ వాగు ఒడ్డునే, తుమ్మచెట్ల మధ్య ఉంటుంది గుంత. పైనుంచి చూస్తే పాడుబడ్డ బావి అనుకుంటారు. ఎప్పుడో యుద్ధాల కాలంలో ఒక రాజుగారి ఖజానాను ఎడ్ల మీద వేసుకుని వర్తకులు ఆ దారిన పోతున్నారట. ముందు శత్రువులు, వెనక శత్రువులు. అప్పుడు నేల నోరు తెరిచిందట. వర్తకులు ఎడ్లను అదిలించి, వీపు మీద బరువులతో, మెడలో గంటలతో వరసగా లోపలికి తోలుకుపోయారట. నేల మూసుకుంది. ఆ ఎడ్లు ఇప్పటికీ లోపల నడుస్తూనే ఉన్నాయని, గుంత గట్టు మీద చెవి పెట్టి వింటే సన్నగా గంటలు వినిపిస్తాయని అంటారు. ఏ రాజు అని మాత్రం అడక్కండి. చెప్పేవాణ్ణి బట్టి రాజు మారుతుంటాడు.

తవ్వినవాళ్ళకు లెక్కలేదు. అందరికీ ఒకటే అనుభవం. గుంత లోపలి గోడకు ఒక పెద్ద బండ, దాని మీద చెక్కిన ఎద్దు ఉంటుంది. నీళ్ళు తోడేకొద్దీ ముందు కొమ్ములు కనబడతాయి, తర్వాత మూపురం, తర్వాత మోకాళ్ళు. అక్కడితో ఆగిపోతుంది. పగలూ రాత్రీ తోడినా నీళ్ళు మోకాళ్ళు దిగవు. ఎద్దు గిట్టలు చూసిన మనిషి మా వైపు పుట్టలేదు.

ఇంకొకటి ఉంది. ఆ గుంతలో నీళ్ళు చేలో పడకూడదు. పడితే ఆ చేను మళ్ళీ పచ్చబడదని, పారే నీళ్ళలోనే కలపాలని కట్టుబాటు. దానికోసం గుంత నుంచి వాగు దాకా రాతి కాలువ కూడా ఉంది. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. తాతల నాడు ఏతాలతో తోడినవాళ్ళూ, మోటర్లతో తోడినవాళ్ళూ, దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఆ నీళ్ళను ఆ కాలువలోనే పోశారు. మా నాయన కూడా అక్కడే పోశాడు.

మా నాయన కరీముల్లా బోరు మోటర్ల మెకానిక్కు. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మోటరు వైండింగ్ చేశాక మిగిలిన రాగి తీగను పారేయకుండా మెలిపెట్టి ఉంగరాలు చేసేవాడు. ఒకటి తన వేలికి, ఒకటి నా వేలికి. వేడి తగ్గిస్తుందట. మా నాయన కోపం తగ్గించిందేమో గానీ నాది తగ్గించలేదు.

పదకొండేళ్ళ కింద లక్ష్మీనరసయ్య గారు నాయనను గుంత దగ్గరికి పిలిపించాడు. ఆయన మాచర్లలో మిర్చి వ్యాపారి, గుంత ఉన్న నేల చెక్క ఆయనదే. బావి పూడిక తీయిస్తున్నానని ఊరికి చెప్పి, ఎక్కడినుంచో తవ్వేవాళ్ళను దింపాడు. నీళ్ళు తోడే పని నాయనది. ఒకరోజు తెల్లారేసరికి తవ్వేవాళ్ళు లక్ష్మీనరసయ్య గుమ్మం ముందు నిలబడి, కరీముల్లాకు నిధి బిందె దొరికిందని, అది తీసుకుని లారీ ఎక్కి పారిపోయాడని చెప్పారు. చెప్పి, వాళ్ళూ ఆ రోజే సామాన్లు సర్దుకుని పోయారు. లక్ష్మీనరసయ్య నమ్మాడు. ఊరు ఇంకా బాగా నమ్మింది. ఇన్నాళ్ళకు నిధి దొరికిందంటే నమ్మబుద్ధి కాకుండా ఎవరికి ఉంటుంది?

ఆ తర్వాత రెండు మూడు రోజులు గుంతలో గంటలు మోగాయి.

ఎప్పటిలా చెవి పెట్టి వినాల్సిన మోత కాదు. వాగు అవతలి ఒడ్డుకు కూడా వినబడింది. బిందె పోయిందని ఎడ్లకు కోపం వచ్చిందన్నారు. ఊరు ఊరంతా వెళ్ళి గట్టు మీద సాష్టాంగపడింది. లక్ష్మీనరసయ్య కొబ్బరికాయలు బస్తాల్లో తెప్పించాడు. మా అమ్మ అబిదా నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అప్పటికి నేను పదో తరగతి. అమ్మ గట్టు మీద నిలబడి కాసేపు విని, "నన్నే పిలుస్తన్నట్టుందే" అంది. ఆ మాటకు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు హడలిపోయారు. గాలి సోకిందని రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టి, దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు. ఆ మర్నాటికి మోత ఆగిపోయింది. ఎడ్లు శాంతించాయన్నారు.

నాయన మళ్ళీ రాలేదు. అమ్మ గాజులు తియ్యలేదు, మెడలో నల్లపూసలు తియ్యలేదు. తియ్యమని మా వాళ్ళు చెప్పారు, నాలుగేళ్ళు కబురు లేకపోతే పోయినట్టే లెక్క అని మసీదు హజ్రత్ గారు కూడా చెప్పారు. "పోయాడని సూసినోళ్ళు ఎవురు?" అనేది అమ్మ. పోనీ బతికున్నాడని అనుకుందామంటే, అప్పుడు దొంగ పెళ్ళాం అవుతుంది. హైదరాబాదులో నాయన ఇంకో సంసారం పెట్టాడని, మూడంతస్తుల ఇల్లు కట్టాడని చూసొచ్చినట్టు చెప్పేవాళ్ళు. షబే బరాత్ వస్తే అందరూ తమ వాళ్ళ సమాధుల మీద వెయ్యడానికి ఖబరస్తానుకు పూలు పట్టుకుపోతారు. అమ్మ కూడా పూలు కొనేది. కొని, గిన్నెలో పోసుకుని ఇంట్లో కూర్చునేది. ఎవరి ఖబర్ మీద వెయ్యాలి?

అందుకే నాకు నిధి అంటే మంట.

నాయన కొట్టు నేను మూయలేదు. చదువు ఆపి వైండింగ్ నేర్చుకున్నాను. బరువు పనులకు మా అమ్మ తమ్ముడు షబ్బీర్ మామ తోడున్నాడు. మొదట్లో ఆడపిల్ల చుట్టిన మోటరు తిరుగుతుందా అని నవ్వినవాళ్ళు ఇప్పుడు నా కోసం వరసలో నిలబడతారు, నేను తిట్టే తిట్లు తింటూ.

ఈ ఏడాది మిరపకోతల కాలంలో లక్ష్మీనరసయ్య మా కొట్టుకు వచ్చాడు. ఎనభై దాటాయి. చేతికర్ర, మోకాళ్ళ నొప్పులు. అయినా కళ్ళల్లో ఆ గుంత అలాగే ఉంది.

"అమ్మాయ్ మెహ్జబీన్, ఒక్కసారి అడుగు సూసి పోదామని ఉంది. తోడతావా?"

"మా నాయన ఎత్తుకపోయాడు గదా తాతా! ఇంకేం మిగిలుంటది?"

"ఒక్క బిందె పోయుంటది. ఎడ్లు చానా గదా!"

చేతిలో ఉన్న పానా విసిరేద్దామనుకున్నాను. షబ్బీర్ మామ నా మొహం చూసి పానా తీసుకుని పక్కన పెట్టాడు. కానీ ఆ ముసలాయన అడిగిందాంట్లో ఒక మాట నా లోపల పట్టుకుంది. అడుగు. ఆ అడుగున ఏముందో చూస్తే తప్ప మా అమ్మ పోయినవాడి పెళ్ళామో దొంగ పెళ్ళామో తేలదు.

"తోడతా. కానీ నీళ్ళు దిగితే ముందు దిగేది నేను. నా తరవాతే ఎవురైనా. ఒప్పుకుంటేనే మోటరు దింపుతా" అన్నాను. ఒప్పుకున్నాడు.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే అంది, "సరిగ్గా సూడు. బిందె తీసిన గుంట కనబడితే ఆయన పారిపోయినట్టు. అదీ చెప్పు నాకు. దాయబాక."

రెండు మోటర్లు దింపాం. కొమ్ములు, మూపురం, మోకాళ్ళు. అక్కడ ఆగింది. మూడో మోటరు తెచ్చి వేశాను. కాలువ నిండా నీళ్ళు ఉరుకుతున్నాయి, గుంతలో మాత్రం బెత్తెడు కూడా తగ్గలేదు. నా మోటర్లు ఎంత నీళ్ళు తోడతాయో నాకు తెలుసు. ఆ గుంత ఎంత వెడల్పుందో కళ్ళ ముందే ఉంది. ఆ రెంటికీ పొంతన కుదరడం లేదు. అప్పుడు మొదటిసారి నాకు కోపం పోయి భయం లాంటిది వచ్చింది. రాతి ఎద్దు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి నా వైపే చూస్తున్నట్టుంది.

ఆ రోజు సాయంత్రం అకాల వర్షం పడింది. గంటసేపే, కానీ వాగు ఒళ్ళు విరుచుకుంది. ఎగువ ఒడ్డున నాగరత్నమ్మ పిన్ని కల్లంలో ఆరబోసిన మిరపకాయలు, ఏడాది పంట, కింద పరిచిన పట్టాలతో సహా కొట్టుకుపోయాయి.

తెల్లారి గుంత దగ్గరికి వెళ్తే జనం. గుంతలో నీళ్ళు లేవు, ఎరుపే ఉంది. నిండా ఎరుపు. ఒకామె పూనకంతో ఊగుతోంది. కోడిని కోయాలని ఒకరు, మేకైనా కావాలని ఒకరు. లక్ష్మీనరసయ్య కర్ర పక్కన పడేసి రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాడు. నేనూ గట్టు పట్టుకుని ఉండిపోయాను. అబద్ధం ఎందుకు, నాకూ అది నెత్తురే అనిపించింది.

అప్పుడు నాగరత్నమ్మ పిన్ని జనాన్ని తోసుకుంటూ వచ్చింది. రాత్రంతా ఏడ్చిన మొహం. వంగి చూసింది.

"నెత్తురేందే, మీ మొహాలు మండ! ఇయ్యి నా కాయలు!"

చేట ఒకటి తాడుకు కట్టి దింపి, నిండా మిరపకాయలు తోడింది. ఒకటి విరిచి అందరికీ చూపించింది. "ముడతకాయ, బ్యాడిగి. ఈ పక్కంతా తేజ రకం పెట్టారు, బ్యాడిగి పెట్టింది నేనొక్కదాన్నే. నా కాయల్ని ఈడికి ఎవురు తెచ్చారు?"

ఎవరు తెచ్చారు? గుంత గట్టు వాగు కంటే ఎత్తు. వాగు పొంగి ఇందులోకి రాలేదు, గట్టు మీద ఒండ్రు మట్టి జాడ కూడా లేదు. వాగులో పోయిన కాయలు నేల కింద నుంచి గుంతలోకి వచ్చాయి.

నేను వాగులోకి పరుగెత్తాను. కాలువ వచ్చి వాగులో కలిసే చోట ఒక మడుగు ఉంటుంది. అక్కడ నీళ్ళు ఎప్పుడూ సుడి తిరుగుతుంటాయి. దయ్యాల మడుగని చిన్నప్పుడు దాని పక్కకు పోనిచ్చేవాళ్ళు కాదు. ఆ సుడి నోట్లో, బండల సందున, ఒక మిరపకాయ గిర్రున తిరిగి, నా కళ్ళ ముందే లోపలికి పోయింది.

తోడిన నీళ్ళన్నీ కాలువ వెంట వచ్చి ఈ సుడిలో దిగి, నేల కింద నడిచి, మళ్ళీ గుంతలోకే పోతున్నాయి. ఏతాలవాళ్ళు తోడింది ఈ నీళ్ళే. నాయన తోడింది ఈ నీళ్ళే. కాలువ నోరు సరిగ్గా సుడి నెత్తిన ఉంది, అటు జానెడు కాదు, ఇటు జానెడు కాదు. అది పొరపాటున కట్టింది కాదు. ఆ నిధి దాచినవాళ్ళు ఎవరో గానీ, తలుపుకు తాళం వెయ్యలేదు. చేలో పోస్తే చేను చస్తుందని మా నోళ్ళల్లో ఒక మాట పెట్టి పోయారు. తాళమైతే ఎవడో ఒకడు పగలగొట్టేవాడు. మాటను తరతరాలుగా మేమే కాపలా కాశాం.

మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి ఆ సుడి నోటి వైపు చూశాను. అంత తెలివి చూస్తే దండం పెట్టబుద్ధయింది.

లక్ష్మీనరసయ్యకు చెబితే చేతికర్ర నేలకు కొట్టి, "నా చేలో ఆ నీళ్ళు పడటానికి ఈల్లేదు" అన్నాడు. నిధి కావాలి, కట్టుబాటు తప్పకూడదు. గట్టు మీదున్న ఏ రైతూ తన చెక్క ఇస్తాననలేదు. నాగరత్నమ్మ పిన్ని చేట కింద పెట్టింది.

"నా చేలో పెట్టండి. నాకు పోవాల్సింది పోయింది. ఇంకేం సంపుద్ది అది నాకు?"

పైపులు ఆమె చేనుకు తిప్పాం. సుడి చుట్టూ ఇసుక బస్తాలు వేసి వాగును పక్కకు మళ్ళించాం. బస్తాల దగ్గర కాపలాకు పిన్నే కూర్చుంది. మోటర్లు వేశాను.

ఎద్దు మోకాళ్ళు బయటపడ్డాయి. తర్వాత పిక్కలు. గట్టు మీద అంత జనం ఉన్నా మోటర్ల చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. మర్నాటి మధ్యాహ్నానికి, నీళ్ళు కారుతూ, నాచు పట్టి, ఎద్దు గిట్టలు కనబడ్డాయి. నాలుగు గిట్టలు. ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. చూస్తే లక్ష్మీనరసయ్య.

గిట్టల కింద బండ లేదు. నడుం వంచి దూరేంత నల్లటి సందు ఉంది.

దీపం దింపి గాలి చూసుకున్నాం. అమ్మ గట్టు మీదికి వచ్చి నిలబడింది. నా నడుముకు కట్టిన తాడు ముడి ఒకసారి లాగి చూసింది. షబ్బీర్ మామ చైన్ పుల్లీతో దింపాడు. బురదలో కాళ్ళు పెట్టి, నెత్తిన లైటు వేసుకుని, ఎద్దు గిట్టల కింద నుంచి దూరాను.

లోపల లేచి నిలబడ్డాను. లేచి నిలబడేంత ఎత్తుందని కాదు, ఆకాశం ఉన్నంత ఎత్తుంది. నా లైటు పైకప్పు దాకా పోలేదు. తెల్లటి సున్నపురాయి ఆరేసిన చీరల్లా పొరలు పొరలుగా వేలాడుతోంది. ఒక్కొక్క పొర అంచున నీటి బొట్టు మెరుస్తోంది. ఊపిరి తీసుకుంటే ఆ చప్పుడు అటు గోడ దాకా పోయి తిరిగి వచ్చింది. ఇన్నేళ్ళు నేను తిట్టుకున్న గుంత ఇదా అనిపించింది. మా ఊరు, మా చేలు, మా తగాదాలు అన్నీ దీని నెత్తి మీద ఉన్నాయి. దీనికి మేం ఉన్నట్టే తెలియదు.

లైటు కిందికి తిప్పాను. నేల మీద గిట్టల అచ్చులు.

ఒకటి రెండు కాదు. ఎడ్లు వరసగా నడిచిపోయిన దారి అది. ఎప్పుడో మెత్తగా ఉన్న సున్నం మీద పడి, గట్టిపడి, రాయై ఉన్నాయి. ఆ వరస నా కాళ్ళ దగ్గర మొదలై, హాలు మధ్య నుంచి పోయి, అటు చివర నల్లటి నీళ్ళలోకి దిగిపోయింది. వంగి ఒక అచ్చులో చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. నిధి లేదని ఇన్నేళ్ళూ పోట్లాడినదాన్ని. ఆ క్షణాన నా నోట్లోంచి వచ్చింది అల్లా పేరొక్కటే.

ఆ తర్వాత నాయన కనబడ్డాడు.

సందుకు పక్కనే గోడకు అరుగులా ఒక ఎత్తు ఉంది. నీళ్ళు అందని ఎత్తు. దాని మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఉన్నది ఎముకలు, చొక్కా పీలికలు. నేను దగ్గరికి వెళ్ళకముందే తెలిసింది. వెళ్ళి చూస్తే వేలికి రాగి ఉంగరం ఉంది, నా వేలికున్న దానిలాంటిదే. పచ్చగా చిలుము పట్టింది.

బిందె లేదు. గుంట లేదు. నాయన ఎక్కడికీ పారిపోలేదు. మోటరు కోసం నీళ్ళలో మునిగినప్పుడు నీటి ఊపు ఆయనను ఎద్దు కింది సందులోంచి లోపలికి లాగేసి ఉంటుంది. వెనక్కి దారి నీళ్ళ కిందే ఉండిపోతే ఈ అరుగెక్కాడు. పైన ఉన్నవాళ్ళు జడిసి పారిపోయి, ఆ పాపం బయటపడకుండా బిందె కథ అల్లారు.

ఆయన కుడిచేతి కింద ఒక గంట ఉంది. ఎద్దు మెడలో కట్టే కంచు గంట, కొబ్బరికాయంత. లోపల నాలుక లేదు. గంట అంచు ఒకవైపు సొట్టలు పడింది. పక్కన గోడ రాయి మీద అదే ఎత్తులో పచ్చటి గీతలు, ఒకదాని మీద ఒకటి, చేయి అందినంత మేరా.

ఆ గీతలు ఏమిటో అప్పుడు అర్థమయింది. నాయన ఆ గంట తీసుకుని గోడకేసి కొట్టాడు. రెండు మూడు రోజులు కొట్టాడు. పైన ఊరంతా విన్నది. విని, దండం పెట్టుకున్నది.

"నాయనా, వచ్చినా" అన్నాను. ఏడుపు ఆ హాలంతా తిరిగి వచ్చి నా మీదే పడింది.

గంటను నేను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది కదలలేదు, నేను దాన్ని కదపలేదు. అప్పుడు, అటు చివర గిట్టల అచ్చులు నీళ్ళలోకి దిగిన చోట నుంచి, ఇంకా లోపలి నుంచి, గంటలు వినబడ్డాయి. సన్నగా. ఒకటి, దాని వెనక ఇంకొకటి, నిదానంగా నడిచే ఎడ్ల మెడలో మోగినట్టు. నీటి బొట్లు కావచ్చు. బొట్లే అయ్యుంటాయి. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. అవి ఆగలేదు, దగ్గరికి రాలేదు, దూరం పోలేదు.

తాడు గుంజుకుంది. సందులోంచి షబ్బీర్ మామ కేక వినబడింది. "మెహ్జబీ! బస్తాలు జారతన్నయ్యంట, పిన్ని అరస్తంది! వచ్చెయ్!"

దాని వెనకే లక్ష్మీనరసయ్య గొంతు. "ఏముందమ్మాయ్? ఏం కనబడింది?"

సందులోకి వంగి అరిచాను. "మా నాయన ఉన్నాడు తాతా."

ఆయన, "లోపల ఇంకా..." అని మొదలుపెట్టాడు. ఆ మాట అక్కడే విడిచేశాడు. అక్కడ ఉన్న కాస్త టైములో అటు చివరి నీళ్ళ దాకా ఒక మనిషి పోయి చూసి రావచ్చు. లేదా నాయనను పైకి తీసుకురావచ్చు. రెండూ కుదరవు. అది ఆయనకూ తెలుసు. ఎనభై ఏళ్ళు దానికోసం బతికాడు.

ఇంకో తాడు చివర కట్టి ఒక తెల్లటి కండువా కిందికి వచ్చింది. ఆయన భుజం మీదిదే.

"ఇందులో తీసుకురా అమ్మా. జాగర్తగా తీసుకురా" అన్నాడు.

నాయనను ఆ కండువాలో సర్దుకున్నాను. ఇంత పెద్దమనిషి అంత తేలికగా ఉన్నాడు. నేను గట్టు ఎక్కేసరికి కింద నీళ్ళు గిట్టలను ముంచేశాయి. బస్తాలు కొట్టుకుపోయిన చప్పుడు వాగు నుంచి వినబడింది. చూస్తుండగానే నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి, ఎప్పటిలా ఆగిపోయాయి.

అమ్మ కండువా విప్పలేదు. నేను విడిగా పట్టుకొచ్చిన రాగి ఉంగరం ఒక్కటీ చేతిలోకి తీసుకుంది. తర్వాత నా చంకలోని గంట చూసింది. "ఇదేంది?" అంది. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, కానీ దాయొద్దని మాట తీసుకుంది కదా. అమ్మ గంట తీసుకుని గట్టు రాయికేసి ఒక్క దెబ్బ కొట్టింది.

"ఇదే. ఈ మోతే" అంది.

లక్ష్మీనరసయ్య నేల మీద కూలబడ్డాడు. "నేను కొబ్బరికాయలు కొట్టించాను తల్లీ" అన్నాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు.

"నువ్వూ ఇన్నావు బాబాయ్, నేనూ ఇన్నా" అంది అమ్మ. గొంతులో కోపం లేదు. "నువ్వు దండం పెట్టావు. నేను నన్నే పిలుస్తన్నాడని తెలిసి కూడా ఎనక్కి పోయా. మనిద్దరం రాలా."

పోలీసులు వచ్చారు, పంచనామా రాశారు. గంట సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. లక్ష్మీనరసయ్య కూడా చెప్పలేదు. ఆ గుంతలోంచి ఇన్ని తరాల్లో బయటికి వచ్చిన ఒకే ఒక్క వస్తువు అది, చెక్క ఆయనది, అడిగితే ఇవ్వాల్సిందే. ఆయన అడగలేదు. కారంపూడి ఖబరస్తానులో నాయనను పెట్టినప్పుడు గోడ బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. నాగరత్నమ్మ పిన్ని చేను చావలేదు. ఆ నీళ్ళు తగిలిన మిరపచెట్లు మళ్ళీ పూత పట్టాయి. అయినా ఆ నీళ్ళు తన చేలోకి రానిస్తానని ఇంకో రైతు అనలేదు, గుంత మళ్ళీ తోడదామని నన్నెవరూ అడగలేదు. గట్టు దగ్గర ఇప్పుడు జనం గొంతు తగ్గించి మాట్లాడతారు. నేనూ అంతే.

అమ్మ గాజులు పగలగొట్టలేదు, ఒక్కొక్కటీ తీసి గిన్నెలో పెట్టింది. ఇద్దత్‌లో కూర్చుంటానంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా కూర్చునే గడువు అది. హజ్రత్ గారు కబురు చేశారు: ఇద్దత్ మనిషి పోయిన రోజు నుంచి లెక్క, భార్యకు ఎప్పుడు తెలిసినా సరే. కరీముల్లా పోయి పదకొండేళ్ళయింది కాబట్టి అబిదాకు గడువు ఎప్పుడో తీరిపోయింది, కూర్చోనక్కర్లేదు.

"ఆయన లెక్క ఆయనది. నాకు ఆయన పోయింది మొన్ననే" అని అమ్మ లోపలి గదిలో కూర్చుంది.

అలా కూర్చున్న కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, వీధిలో గంట మోగింది. ఐస్ బండివాడు. ఎండకు వీధిలో పిల్లలు కూడా లేరు. అమ్మ లేచింది. చెంగు నెత్తిన కప్పుకుని, గది దాటి, నడవ దాటి, గడప దాటి వీధిలోకి పోయింది. అటూ ఇటూ చూసింది. బండివాడు బండి ఆపి "ఏం కావాలమ్మా?" అన్నాడు. అమ్మ ఏమీ వద్దని తల ఊపి, వాడు మలుపు తిరిగేదాకా నిలబడింది.

మర్నాడు బడి గంటకు లేచింది. ఆ సాయంత్రం రామాలయంలో గంటకు లేచింది. షబ్బీర్ మామ గడపకు అడ్డం నిలబడ్డాడు.

"అక్కా, ఇద్దత్‌లో గడప దాటగూడదే. కూసుంటానంది నువ్వే గదా!"

అమ్మ మామను చేత్తో పక్కకు జరిపింది.

"ఆరోజు ఎవురో ఒకరు గడప దాటుంటే, నేనీ పొద్దు ఇట్టా కూసునే పనుండేది కాదురా" అంది. చెంగు సర్దుకుని, గంట మోగుతున్న వైపు చూసొస్తానని పోయింది.